అన్న మీట కిందికెందుకుంది

ప్రొద్దుటూరులో కంప్యూటరు కొన్న మొదటి నలుగురిలో నేనొకణ్ణని చెప్పుకుంటూ ఉంటాను. మిగతా ముగ్గురెవరని ఎవరూ అడగరు గనక బతికిపోతున్నాను.

అవి ఫ్యాక్షన్ రోజులు. మీటింగులకు మైకుసెట్టు పెట్టే మామ ఒకాయన మా అంగడి పక్కనే ఉండేవాడు. ఏ పార్టీ పిలిచినా పోయేవాడు. ఆయన భయం ఒక్కటే. నాయకుడు మాట్లాడేటప్పుడు మైకు కూత పెడితే, ఎదుటి పార్టీకి అమ్ముడుపోయాడంటారు. ఆ మాట పడ్డాక పని ఎలాగూ ఉండదు, ఒళ్లయినా మిగులుతుందో లేదో.

కువైట్‌లో ఉన్న మామ తమ్ముడు ఆయనకు ఎనిమిది మైకులు తగిలించే సౌండు కార్డు పంపాడు. దాన్ని నా కంప్యూటరుకు తగిలించి తెరిస్తే తెర మీద జరిపే మీటలు నలభై, అన్నింటి కింద ఇంగ్లీషు పొడి అక్షరాలు.

"ఏందల్లుడా ఇది, కరెంటాఫీసు మాదిరి ఉండాది. అర్థమయ్యేటట్లు చెయ్" అన్నాడు మామ.

మూడు నెలల కోర్సు చదివిన పొగరుతో చేశాను. ఎనిమిదే మీటలు, బొద్దుగా. ఏ మైకు ముందు ఎవరు కూర్చుంటారో ఆ మనిషి పేరు కింద తెలుగులో. పైకి జరిపితే గొంతు పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. ఇంత సులువైనది ప్రపంచంలో లేదని వారం రోజులు నాకు నేనే చెప్పుకున్నాను.

జమ్మలమడుగు మీటింగులో పెద్ద నాయకుడిది ఉరిమే గొంతు, అందుకని ఆయన మీట కింద పెట్టాము. పక్కనున్న దువ్వూరు పెద్దాయనది పీల గొంతు, ఆయనది పైన. సోడా తాగుతూ వచ్చిన అనుచరుడొకడు తెర చూసి ఆగాడు.

"మా అన్న కిందుండాడేంది?"

"అది గొంతు లెక్కప్పా" అన్నాడు మామ.

"దువ్వూరాయన పైన, మా అన్న కింద. ఎవురు చేసినారిది?"

మామ నా వైపు చూశాడు. నేను షామియానా గుంజను చూశాను.

ఆ మనిషి ఎవరినీ అడగలేదు. అడగక్కర్లేనంత సులువుగా చేసింది నేనే. తానే జరిపేశాడు. దువ్వూరాయన మనిషి వచ్చి తమ పెద్దాయన్ను పైకి తోశాడు. మిగతా ఆరుగురి మనుషులు ఊరుకుంటారా? ఎనిమిది మీటలూ నెత్తికెక్కాయి. మైకు పెట్టిన కూతకు ఎక్కడో ఉన్న పెద్దముడియంలో కుక్కలు బదులిచ్చాయని చెబుతుంటాను. నిజానికి లేచింది ఆ పక్క పావురాలే.

అందరూ మామ చుట్టూ మూగారు. "నిన్నెవురు కొన్నారు మామా?"

మామ నిమ్మళంగా తెర చూపించాడు. "అన్న గొంతుకు ఈ పెట్టె తట్టుకోలేకపోయినాదప్పా. చూడండి, యాడికి పోయినాడో."

నాయకుడు విన్నాడు, మీసం తడుముకున్నాడు, మైకు లేకుండానే గంట మాట్లాడాడు.

తిరుగు బస్సులో మామ ఒక్కటే అన్నాడు. "అందరికీ అర్థమయ్యేటట్లు చేసినావల్లుడా. నాకొక్కనికే అర్థమయ్యేటట్లు చెయ్."

పులివెందుల మీటింగు నాటికి కొత్తది తయారు. పేర్లున్న మీటలు అలాగే ఉన్నాయి, ఎవరు తోసినా కదులుతాయి, కానీ దేనికీ తగిలించలేదు. అసలు పని కీబోర్డు మీది అంకెలది. కీబోర్డు మామ తువ్వాలు కింద.

ఒకడు వచ్చి వాళ్ల అన్న మీటను పైకి తోసి, "ఇప్పుడు శానా బాగుండాది" అని పోయాడు. మామ నవ్వు ఆపుకున్నాడు.

కాసేపటికి నాకెందుకో గొంతు ఎక్కువైందనిపించింది. ఆ మీట పట్టుకుని కొంచెం కిందికి జరిపాను. బాగా తగ్గిందని మామతో చెప్పాను కూడా.