మా అన్నయ్య తుడిచేసిన పేజీ

మా అన్నయ్య ముప్పై ఏళ్లుగా బడిలో భూగోళం చెబుతున్నాడు. అందరూ డస్టర్ మాస్టారంటారు. గంట కొట్టగానే బోర్డు మూలమూలలా తుడిచి, తరువాత వచ్చే మాస్టారికి నిగనిగలాడేలా అప్పగిస్తాడు. మర్యాదట. ఇంట్లో ఆ మర్యాద లేదు. తిన్న కంచం కూడా ఎత్తడని మా వదిన గొడవ.

అదే బడిలో నేను కంప్యూటర్లు చెబుతాను. నాకు ముక్కుమీద కోపమని పేరు. ఇలాంటి అన్నయ్య ఉండగా అదెక్కడికి పోతుంది?

అందరూ ఒకేసారి కలిసి రాసుకోగల ఆన్‌లైన్ పేజీ ఒకటుంది, తరగతుల్లో వాడుకోండని ఏడాదిగా మాస్టార్లందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరుతున్నాను. "సుద్దముక్క ఉండగా ఈ తలనొప్పి ఎందుకే?" అనేవాడు అన్నయ్య. అలాంటివాడు ఒక ఆదివారం తనంతట తనే మా ఇంటికొచ్చాడు.

"చెల్లాయ్, ఆ పేజీ ఏదో నాకూ నేర్పు."

"జ్వరమేమైనా తగిలిందా అన్నయ్యా?"

కారణం అతని తరగతిలో కొత్తగా చేరిన పిల్ల. నోట్లో నాలుక లేని పిల్ల అంటాం చూడండి, అచ్చంగా అదే. పిలిస్తే లేస్తుంది, బల్లవంక చూస్తుంది, కూర్చుంటుంది. కాగితం మీద రాసిస్తే చాలదు, పదిమందిలో కలవాలి, పరీక్షల్లోపు కలవకపోతే కింది తరగతికి దించేస్తానన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. వాళ్లమ్మ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. ఆవిడ వచ్చి ఏడిస్తే, అలా జరగనివ్వనని అన్నయ్య మాటిచ్చేశాడు. నోరు తెరవకపోయినా అందరితోపాటు ఆ పేజీమీద రాస్తుందేమోనని ఆశ. నాకు ముచ్చటేసింది. పైకి అనలేదు, అంటే నెత్తికెక్కుతాడు.

నేర్పాను. ఒక్కవేలితో నేర్చుకున్నాడు. మన ఊళ్లో వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయో రాయమని పేజీ పెట్టాడు. పిల్లలు ట్యాబ్‌లలో రాస్తే గోడమీది తెరపై కనిపిస్తుంది. మొదటిరోజే ఆ పిల్ల రాసింది. అన్నయ్య స్టాఫ్‌రూమ్‌లోకి పరుగెత్తుకొచ్చి, "రాసిందే! రాసిందే!" అంటూ నా కాగితాలమీద టీ ఒలకబోశాడు.

వారం తిరిగేసరికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"మానేసిందే. రోజురోజుకీ తగ్గించి, నిన్న ఒక్క ముక్క రాసింది. ఇవాళ అదీ లేదు. నేను పల్లెత్తు మాటనలేదు, ఒట్టు."

పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. సంగతేమిటో చూద్దామని మర్నాడు వెళ్లి అతని తరగతి గుమ్మంలో నిలబడ్డాను. అంతా సవ్యంగానే ఉంది. పిల్లలు టకటకా రాస్తున్నారు, తెర నిండుతోంది. గంట కొట్టింది. మా అన్నయ్య లేచి కంప్యూటర్ దగ్గరికెళ్లి, పేజీ మొత్తం ఎంచుకుని, చెరిపేసి, సుద్ద లేకపోయినా చేతులు దులుపుకున్నాడు.

"అయ్యో అన్నయ్యా! ఏం చేశావ్?"

"తుడిచాను. తరువాతి మాస్టారొస్తారుగా."

"రోజూ ఇంతేనా?"

"మరి? అలా వదిలేసి పోతానా?"

"మీరైనా చెప్పొద్దూ?" అని ముందు బెంచీ వాళ్లమీద విరుచుకుపడ్డాను.

"బాగాలేదని మళ్లీ రాయిస్తున్నారనుకున్నాం టీచర్" అన్నారు వాళ్లు.

ఆ పిల్ల మాత్రం బల్లవంకే చూస్తోంది. అన్నయ్య ఆ పిల్లను చూశాడు. తిట్టడానికి తెరిచిన నోరు అతని మొహం చూసి మూసుకున్నాను. మా అన్నయ్య అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

"పోయినట్టేనా అదంతా?" అన్నాడు.

పోదని చెప్పాను. ఏ రోజు రాసింది ఆ రోజుదిగా పేజీ దాచుకుంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. సాయంత్రం సంగతంతా విన్న వదిన, "తిన్న కంచం ఎత్తని మనిషి, ఎవరూ అడగని పేజీ తుడిచాడా?" అంది.

మర్నాడు హెడ్‌మిస్ట్రెస్ గారిని నేనే పిలుచుకొచ్చి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. మొదటిరోజు పేజీ తెరమీదికి తెచ్చాం. అందులో ఆ పిల్ల రాసింది అన్నయ్య పైకి చదివాడు.

"మా అమ్మ దుప్పట్లు ఉతికిన నీళ్లు వేడిగా ఉంటాయి. కాలవలో కలిసేచోట పొగ లేస్తుంది. చలికి కుక్కలన్నీ అక్కడే పడుకుంటాయి."

చదివి, ఆ పిల్లవైపు తిరిగాడు.

"ఇది చాలా బాగుందమ్మా. బాగాలేదని తుడవలేదు. బోర్డు తుడిచే అలవాటు, నా బుద్ధి గడ్డి తిని తుడిచాను. తప్పు నాదే."

హెడ్‌మిస్ట్రెస్ గారు వాచీ చూసుకున్నారు. అన్నయ్యకు చెమటలు పట్టాయి. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి ఆ పిల్ల ట్యాబ్ దగ్గరకు లాక్కుంది. తెరమీద తన వాక్యాల కింద ఒక్కొక్క అక్షరమే పడసాగింది.

"ఇది తుడిచేయండి సార్. రెండోరోజు రాసిందే బాగుంటుంది."