చెప్పులంగడి పట్టాభిరామన్ కొండయాత్ర

పుదుచ్చేరి రెడ్డియార్‌పాళయంలో చెప్పులంగడి పెట్టుకున్న పట్టాభిరామన్ ఎక్కని కొండ భూమ్మీద లేదని ఊళ్ళో ఒక మాట ఉంది. హిమాలయాల మంచులో కూర్చుని ఇడ్లీలు ఉడికించుకు తిన్నాడట. దారి తప్పిన చిరుతపులిని గుహదాకా దిగబెట్టి వచ్చాడట. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ కబుర్లన్నీ పుట్టించింది మాత్రం ఆయనే, గల్లాపెట్టె వెనక కూర్చుని.

కారణం లేకపోలేదు. అంగట్లో కొత్తగా కొండలెక్కే బూట్లు దిగాయి. పుదుచ్చేరిలో కొండ లేదు. ఇక్కడివాళ్ళకు స్పీడ్‌బ్రేకరే శిఖరం. అయినా ఆ కోతలకు పడిపోయి ఫణిధర్ వచ్చాడు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు, పొద్దున్నే బీచ్‌రోడ్డులో నడిచే జట్టుకు పెద్ద.

"కొల్లిమలై కొండకు వెళ్తున్నామండి. దారి మీరే చూపించాలి. మీ నడక చూశాక జట్టంతా మీ బూట్లే కొంటాం."

పట్టాభిరామన్‌కు మిద్దె ఎక్కితేనే కళ్ళు తిరుగుతాయి. ఆ సంగతి భార్య అమృతవల్లికి తప్ప ఎవరికీ తెలీదు. కాదంటే ఇన్నాళ్ళ పేరు మట్టిలో కలుస్తుంది. మీసం దువ్వి "అదెంత పని!" అన్నాడు. తమాషా చూడ్డానికి అమృతవల్లీ బయల్దేరింది.

చెప్పులంగళ్ళలో దొంగల భయానికి అరలో ఎడమకాలిదే పెడతారు. కుడిది అటకమీద డబ్బాలో ఉంటుంది. తెల్లారకముందే వ్యాను వచ్చి హారన్ కొట్టింది. కంగారులో ఆయన అరలోంచి ఒకేలా ఉన్న బూట్లు రెండు లాగి సంచిలో కుక్కాడు.

కొండమీది ఊరు చేరి, అడవిలోకి పోయే కాలిదారి మొదట్లో సంచి విప్పాడు. రెండూ ఎడమవే! గుండె జారి సముద్రమట్టానికి దిగిపోయింది. కాళ్ళకున్న రబ్బరు చెప్పులతో ఎక్కుదామంటే, చెప్పులతో కొండెక్కేవాడు గాడిద అని అంగట్లో ఒట్టేసి చెప్పింది తనే. కళ్ళు మూసుకుని కుడికాలు కూడా ఎడమ బూటులో దూర్చాడు.

ఇక చూడాలి ఆ నడక! కుడికాలు ఎడమకు లాగుతుంది, ఎడమకాలు ఎలాగూ ఎడమకే. దారి ఎక్కడ చీలినా మనిషి ఎడమకే. పనసచెట్లు, మిరియాల తీగలు దాటుకుంటూ పోతుంటే వెనక జట్టంతా అలాగే వంకరగా నడిచింది.

"చూశారా, అదీ కొండ నడకంటే!" అని ఫణిధర్ మురిసిపోయాడు.

దారిలో ఒక ముసలమ్మ అనాసపండు కోసి అమ్ముతోంది. తిన్నారు. చాలాసేపు నడిచాక ఇంకో ముసలమ్మ. మళ్ళీ తిన్నారు. ఆపైన ఇంకో ముసలమ్మ.

"ఈ కొండమీద ఆడోళ్ళందరిదీ ఒకే పోలికండి బాబూ!" అన్నాడు ఫణిధర్.

"అప్పుడే అరిగిపోయిందా నాయనా?" అంది ముసలమ్మ.

అమృతవల్లి మాత్రం బురదలోకి వంగి చూసింది. జట్టంతా బురదకు జడిసి గట్టుమీద నడిచింది. తొక్కింది పట్టాభిరామన్ ఒక్కడే.

"ఏందయ్యా ఇది? ఈ దావన ఒంటికాలోడెవుడో పోయుండాడే! అన్నీ ఎడమకాలి అచ్చులే."

అందరూ గుమిగూడారు. ఎంత వెతికినా ఒక్క కుడి అచ్చు లేదు. ఫణిధర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"దయ్యమేమోనండి?"

అందరూ పట్టాభిరామన్ మొహం చూశారు. నిజం చెబితే పరువు గోవిందా.

"ఒంటికాలి దయ్యమే," అన్నాడు గంభీరంగా. "దీని అన్నను హిమాలయాల్లో చూసినా. ఎంటబడితే వదలదు. పరిగెత్తండప్పా!"

జట్టు పరిగెత్తిన పరుగుకు కొండ రెండంగుళాలు కుంగింది. ఊళ్ళో టీకొట్టు దగ్గర ఆగేసరికి పట్టాభిరామన్ కుడికాలు గుమ్మడికాయంత వాచింది. అమృతవల్లి బూట్లు రెండూ ఊడబెరికి బెంచీమీద పక్కపక్కన పెట్టింది. రెండూ ఒకే పక్కకు వంగి చూస్తున్నాయి.

"ఇదో మీ దయ్యం," అంది. "పాపం అలిసిపోయుండాది, టీ తాపండి."

ఫణిధర్ నవ్వి నవ్వి బెంచీమీంచి పడ్డాడు. ఆ నవ్వు వ్యాను కంటే ముందే పుదుచ్చేరి చేరింది. ఇప్పుడు ఎవరొచ్చినా "కుడిది కూడా ఉందా అన్నా?" అని అడుగుతారే తప్ప బూట్లు కొనరు.

పట్టాభిరామన్ మాత్రం గల్లాపెట్టె మీద గుద్ది చెబుతాడు: "అంతా కట్టుకథ! దయ్యం లేదు, అనాస లేదు. ఆ ఫణిధర్ ఎవురో నాకు తెలీదు. హిమాలయాలా? యాడుండాయి అవి? నేను పుట్టి బుద్ధెరిగినాక ఒక్క కొండ ఎక్కింటే ఒట్టు!"