గ్యాస్ బంద్ చేసినవా, మల్లేశం?

ఝరాసంగం నుంచి జహీరాబాద్ ఫ్యాక్టరీకి రోజూ షేర్ ఆటోలో వెళ్తాను. ఇంటికి తాళం వేశానా లేదా అన్న గుబులు నాకు ఎక్కువ. గుండె దడదడలాడి, ఆటో దిగి వెనక్కి పరుగెత్తేవాణ్ణి. చివరికి దవాఖానలో డాక్టరమ్మ ఉపాయం చెప్పింది. తాళం వేయగానే "వేసిన" అని ఒక్కసారి పైకి అనాలి, భయం వస్తే మెల్లగా ఊపిరి వదలాలి.

అది విన్న పక్కింటి మల్లేశం ఊరుకుంటాడా? రోజూ ఆటో నిండా జనం ముందు, "అన్నా, తాళానికి చెప్పి వచ్చినవా? ఫికర్ చేస్తది పాపం!" అనేవాడు. అందరూ పగలబడి నవ్వేవారు. నెల రోజులు పంటి బిగువున ఓర్చుకున్నాను.

అతని భార్య పుట్టింటికి వెళ్లిన మర్నాడు, సగం దారిలో అమాయకంగా అడిగాను.

"మల్లేశం, పొద్దుగాల పప్పు వండినవు గదా, గ్యాస్ బంద్ చేసినవా?"

ముఖం పాలిపోయింది. కారిన చెమటకు ఎకరం జొన్న పండేది. "ఆటో ఆపున్రి! అన్నా, ఊపిరాడ్తలేదే!" అంటూ ఛాతీ పట్టుకున్నాడు. నా కసి తీరింది. కానీ ఆ వణుకు నాకు తెలిసిన వణుకే. చెయ్యి పట్టుకుని, "జర నాతోని మెల్లగ ఊపిరి వదులు" అన్నాను. కాసేపటికి కుదుటపడ్డాడు. వెనక్కి వెళ్లి చూస్తే గ్యాస్ బంద్ చేసే ఉంది.

"ఊళ్లె ఎవ్వలకు చెప్పకే అన్నా" అని బతిమాలాడు. ఒట్టేశాను.

గుబులు ఎవరినైనా పట్టుకుంటుందని ఇప్పుడు ఇద్దరికీ తెలుసు. డాక్టరమ్మ దగ్గరికీ కలిసే వెళ్తున్నాం. ఒట్టు కూడా తప్పలేదు, ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. మీకు రాశానంతే. మా ఊళ్లో మీ పత్రిక తెప్పించుకునేది మల్లేశం భార్య ఒక్కతే.