కళ్ళజోడు తీసి ఎంచిన డెస్క్‌టాప్

ఏ వస్తువు బాగుందో తేల్చాలన్నా బాబాయి ముందు కళ్ళజోడు తీసేస్తాడు. ఈ పిచ్చి ఏడాదిగా ముదిరింది. పళ్ళెమంత గోడగడియారం, మెట్ల అంచులకు కళ్ళు జిగేలుమనే పసుపు రంగు, అన్నీ అలా ఎంచి తెచ్చినవే.

“నయం, పెళ్ళికి ముందు పట్టలేదీ పిచ్చి. ఏ ట్రాఫిక్ దీపాన్నో చేసుకునేవారు!” అంటుంది పిన్ని.

పిన్ని ఇంట్లోనే కూర్చుని ఒక ప్రెస్సుకు పుస్తకాల పేజీలు కూర్చి ఇస్తుంది. ఆమె లాప్‌టాప్ ముసలిది. ఆన్ చేసి, తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుని వచ్చినా ఇంకా ఆవులిస్తూనే ఉండేది. ఆ రోజు పొద్దున్నే ప్రెస్సు యజమాని ఫోన్‌లో తేల్చేశాడు: “సాయంత్రానికి పేజీలు రాకపోతే పని వేరేవాళ్ళకిస్తామమ్మా.”

బాబాయి రంగంలోకి దిగాడు. పేజీలన్నీ పెన్‌డ్రైవులో దాచి, లాప్‌టాప్‌లో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించాడు.

“ఇందులో డెస్క్‌టాప్, అదే, తెర మీద కనపడే రూపం, మనిష్టమోయ్. తేలిగ్గానూ ఉండాలి, అందంగానూ ఉండాలి.”

మొదటిది చిటికెలో తెరుచుకుంది. పిన్ని కుర్చీ లాక్కుంది. బాబాయి జోడు తీశాడు.

“ఛీ, బూడిద మీద బూడిద! బటన్లే కనపడవు.”

“జోడు పెట్టుకోండి, కనపడతాయి!”

“అందాన్ని అలా చూడకూడదు.”

రెండోది అద్దాలమేడలా మెరిసింది. లోపల ఫ్యాను మాత్రం కొండెక్కుతున్న బస్సులా రొప్పింది.

“ముసలిదాని మెడకు ఇంత నగెందుకు?” అని బాబాయి అదీ తీసేశాడు.

“పొద్దు వాలుతోందండీ! నా పని పోతే మీ అందాన్ని వండుకు తిందామా?”

మూడోది ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్. దూదిలా తేలిక. బాబాయి దానికి ముదురు నీలం పరిచాడు, అక్షరాలు పెంచాడు, బాణం గుర్తును బొద్దుగా చేశాడు. జోడు తీసి చూసి, “ఇదీ అందమంటే!” అన్నాడు.

పిన్ని పేజీలు తెరిచింది. పని పరుగెత్తింది. కాసేపటికి ఆమెకే వింతగా తోచింది, ముక్కు తెరకు ఆనించకుండానే చదువుతోంది! ఏడాది పైనుంచీ అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఆమె ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే ప్రెస్సువాళ్ళు మాన్పిస్తారని భయం. పళ్ళెమంత గడియారం, మెట్ల పసుపు గుర్తొచ్చాయి. అంటే, ఈయన జోడు తీసేది తనలా చూడటానికన్నమాట.

“నా కళ్ళ సంగతి ఎప్పుడు తెలిసింది మీకు?”

“నువ్వు కూరలో ఉప్పుకు బదులు పంచదార వేసినప్పుడు.”

“అయ్యయ్యో! అప్పుడే చెప్పొచ్చుగా?”

“నువ్వు చెప్పావా? మారు కూడా వడ్డించుకున్నాను!”

దీపాలు వెలిగేలోపే పేజీలు వెళ్ళిపోయాయి. యజమాని ఫోన్ చేశాడు.

“ఇంత తొందరగానా! కొత్త లాప్‌టాప్ కొన్నారామ్మా?”

“పాతదేనండీ,” పిన్ని గొంతు పెంచింది. “రేపటి పనీ పంపండి. పొద్దున మాత్రం వద్దు, కళ్ళు చూపించుకోవాలి.”