నీచు కొట్టిన గ్లాసు

బేరూత్‌కి కొండల అవతల ఉన్న మా జహ్లే ఊళ్లో నఖ్లే ముక్కు గురించి చెప్పుకోని ఇల్లు లేదు. నన్స్ నడిపే బడిలో మేమిద్దరం ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లం. ఒకరోజు లెక్కల క్లాసు మధ్యలో లేచి, "సిస్టర్, పప్పు మాడుతోంది" అన్నాడు. బడి వంటింట్లో ఆ రోజు పొయ్యే వెలిగించలేదు. అబద్ధమాడినందుకు సిస్టర్ క్లోతిల్డ్ వాణ్ణి మోకాళ్ల మీద నిలబెట్టింది. కొండకి అవతలి ఊళ్లో మా మేనత్త పప్పు మాడ్చిందని సాయంత్రానికి తెలిసింది. నమ్మకపోతే ఆవిణ్ణే అడగండి. పోయి చాలా కాలమైంది గానీ, అబద్ధమాడే మనిషి కాదు.

ఆ ముక్కుతోనే నఖ్లే బతికాడు. తాత నాటి రాగి బట్టీలో సోంపు సారా దింపేవాడు. మొదట దిగే చెడ్డ చుక్కలు ఎక్కడ ఆగుతాయో, మంచివి ఎక్కడ మొదలవుతాయో ముక్కే చెప్పేది. అరవై దాటాక కుర్రాళ్లను చూసి బీరు కాయడం కూడా మొదలుపెట్టాడు. అదీ బాగానే కుదిరింది.

కిందటి చలికాలం జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. ఆ సంగతి నాకొక్కడికే చెప్పాడు.

"సోంపుకీ సున్నానికీ తేడా తెలీట్లేదురా సలీబా. ఊరివాళ్ల గొంతులో విషం పోసే కన్నా మానెయ్యడం నయం. సోమవారం పాత సామాన్లవాడు వస్తాడు. బట్టీ ఇచ్చేస్తున్నా."

"సోమవారం దాకా గోడకేసి చూస్తూ కూచుంటావా? శనివారం బయల్దేరదాం. సముద్రం దాకా దారిలో బీరు కాచే చోటల్లా ఆగుదాం. ఎక్కడో ఒకచోట ఏదో ఒక వాసన తగలకపోదు."

కారు వదీ అనే స్నేహితుడిది. డాక్టరు వాడి చేత తాగుడు మాన్పించాడు. వాసన చూడొద్దని చెప్పలేదని వాడి వాదన. అందుకే ప్రతి చోటా మా గ్లాసుల్లో ముక్కు పెట్టి, మాకంటే ముందు తీర్పు చెప్పేవాడు.

మొదట కొండ మీద ఒక కుర్రాడి దగ్గర ఆగాం. నారింజ తొక్క వేసి కాచిన గోధుమ బీరు పోశాడు. గడ్డి రంగులో మెరిసిపోతోంది. వదీ వాసన చూసి కొంటెగా, "అబ్బ, కాఫీ ఘుమఘుమ!" అన్నాడు.

నఖ్లే ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "నిజమే. బాగా వేగిన కాఫీ" అన్నాడు.

కుర్రాడు నోరు తెరిచాడు. నేను వాడి వీపు మీద చరిచి, "పెద్దాయన వేళాకోళం నీకింకా అలవాటు కాలేదు నాయనా" అని కొండ అదిరేలా నవ్వాను. కారెక్కాక వదీ నా చెవిలో, "ఏంట్రా వీడికి?" అన్నాడు. "రోడ్డు చూసి నడుపు" అన్నాను.

బేరూత్‌లో ఇంకో చోట "బాగుంది" అని ఊరుకున్నాడు. నఖ్లే వంక పెట్టకుండా బాగుందన్నాడంటే, పాదిరీ ప్రార్థన ఎగ్గొట్టినట్టే.

బత్రూన్‌లో సముద్రపు ఒడ్డున జుమానా అనే అమ్మాయి నడిపే చిన్న పబ్బు ఉంది. వంట వాళ్లత్తగారు చేస్తుంది. అదే మా ఆఖరి మజిలీ. జుమానా నల్ల బీరు తెచ్చి పెట్టింది. నఖ్లే గ్లాసెత్తి, ఆగి, కిందికి దించాడు. మొహం చిట్లించాడు.

"ఈ గ్లాసు నీచు కొడుతోంది."

మా వైపు అంతకు మించిన తిట్టు లేదు. గుడ్ల గిన్నెలకి వేరే స్పాంజి, గ్లాసులకి వేరే స్పాంజి, చివర్న నిమ్మచెక్క. మంచినీళ్ల గ్లాసు నీచు కొట్టిందని కుదిరిన సంబంధాలు చెడిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

జుమానా మొహం ఎర్రబడింది. "బాబాయ్, నా చేత్తో నిమ్మకాయ పెట్టి తోమాను!"

వదీ గ్లాసు లాక్కుని వాసన చూశాడు. "ఏమీ లేదే. ముసలాడికి మతి పోయింది."

ఆ పిల్ల గ్లాసు తీసుకుని విసురుగా లోపలికెళ్లింది. వంటింట్లోంచి గొంతులు వినపడ్డాయి. "అత్తా, పొద్దున గుడ్లు గిలక్కొట్టిన గిన్నె దేంతో తోమావు?" "చేతికి ఏదొస్తే దాంతో తోమాను! ఏం, దొరగారికి జబ్బు చేసిందా?"

జుమానా తల వంచుకుని బయటికొచ్చింది. "తప్పయిపోయింది బాబాయ్. వేరే గ్లాసు తెస్తాను."

"వద్దమ్మా! అదే ఇటివ్వు" అన్నాడు నఖ్లే. గ్లాసులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. "అబ్బా, ఎంత కంపురా!" అన్నాడు. కళ్లు నిండిపోయాయి.

నేను వాడి రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకున్నాను. వంటింట్లోకెళ్లి అత్తగారి చేతులు కూడా ముద్దుపెట్టుకోబోతే ఆవిడ గరిటె ఎత్తింది. అప్పుడు గానీ వదీకి అసలు సంగతి చెప్పలేదు. "ఇంతకాలం నాకు దాస్తార్రా దొంగల్లారా!" అని తిట్టి, వాడూ ఏడ్చాడు.

తిరుగు దారంతా నఖ్లే మమ్మల్ని బతకనివ్వలేదు. వదీ మేజోళ్లు కంపన్నాడు, నా పొగాకు చవకబారుదన్నాడు, కారు సీటు కింద ఎప్పుడో తాతల నాడు చీజు పడిందన్నాడు. వెతికితే దొరికింది. ఇంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు.

సోమవారం పాత సామాన్లవాడు వచ్చాడు. నఖ్లే వాణ్ణి వాకిట్లోనే ఆపేశాడు.

"రాత్రి వెల్లుల్లి తిన్నావు. అక్కడే నిలబడి మాట్లాడు. బట్టీ మాత్రం ఇవ్వను."