ఆకుపచ్చ నీళ్లు

నాలుగేళ్ల క్రితం పోర్ట్ బ్లెయిర్‌లోని బతు బస్తీలో మా ఇంట్లో జరిగింది. టూరిస్టులను ఇసుకలో తిప్పే మా ఏటీవీ బండికి రేడియేటర్ కారి, ఇంజన్ పాడైంది. మా ఆయన వసారాలోనే దాన్ని విప్పి బాగుచేస్తున్నారు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కొత్తది ఓడలో రావాలి కదా అని, ఉన్నదాన్ని పారబోయకుండా ఒక గిన్నెలోకి పట్టారు. మాకు కుళాయి రోజూ రాదు. వసారా నిండా నీళ్ల గిన్నెలే, వాటిలో అదీ ఒకటైంది.

నేను వంటింట్లోంచి వచ్చేసరికి మా మూడేళ్ల పాప చేతిలో గ్లాసు, గడ్డం మీద ఆకుపచ్చ చార.

"తియ్యగుందమ్మా," అంది.

ఆయన ముఖం చూశాకే అది విషమని నాకర్థమైంది.

"బచ్చీ నే కిత్నా పియా?" ఎంత తాగిందని ఆస్పత్రిలో డాక్టరు పదేపదే అడిగారు. మా ఆయన నావైపు తిరిగి, "బండి ఎప్పట్నుంచో కారతంది కదే. గిన్నెలోకి ఎంత దిగిందో నాకేటి తెలుసు," అన్నారు.

చాలా తాగిందనుకునే వైద్యం చేశారు. కిడ్నీలు పనిచేస్తే మూత్రం వస్తుందన్నారు. ఇద్దరం పాప పక్కబట్టనే చూస్తూ కూర్చున్నాం. మర్నాడు అది తడిసింది. ఆ తడిబట్టను ఆయన నర్సుకివ్వకుండా ఒళ్లోనే పెట్టుకున్నారు.

ఇప్పుడు బండి చుక్క కూడా కారదు. ఆ తియ్యటి నీళ్లు మళ్లీ ఎప్పుడిస్తావని మాత్రం పాప చాలాకాలం అడుగుతూనే ఉంది.