గంటె మీది సింహం

“ఆ గంటె ఎవ్వలకు సూపకు పిల్లా.”

“ఎందుకత్తా?”

“సూపకంటే సూపకు.”

మా అత్తకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవే. తెల్లారేసరికి ఆమె లేదు.

తెలంగాణ వచ్చిన ఆ కొత్తలో నాకు ఇరవై రెండేళ్లు. పేరులో రెండక్షరాలు రాసేదాన్ని, మూడోది ఒక్కోసారి మరిచేదాన్ని. చదువు రానివాళ్లు బొమ్మలు చదువుతారు, భయం పుట్టడానికి అంత చదువు చాలు. అత్త దినాలయ్యాక గంటెను చింతపండుతో తోమితే తెల్లగా వెండి బయటపడింది. కాడ వెనక వరుసగా చిన్న ముద్రలు: రెండక్షరాలు, ఒక ఆడమనిషి తల, పక్కన సింహం. ఆ సింహాన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. రూపాయి బిళ్ల తెచ్చి పక్కన పెట్టాను. బిళ్ల మీద మూడు సింహాలు, గంటె మీద ఒకటే (కాడ సన్నం కదా, ఒకటే పట్టి ఉంటుందనుకున్నాను). అంటే ఇది సర్కారు గంటె. ఆ తల దాన్ని పోగొట్టుకున్న దొరసానిది. మా అత్త దొంగసొత్తు దాచి, నన్ను కాపలా పెట్టి పోయింది.

వారం తిరగకముందే ఊళ్లో చాటింపు. సర్కారువాళ్లు ఇంటింటికీ వచ్చి ఏమేం ఉన్నాయో రాసుకుంటారట, ఎవరూ ఇల్లు కదలొద్దట. ఒక్క గంటె కోసం ఇంత బలగమా అనుకున్నాను. జొన్నల కుండలో దాచాను, చూరులో దాచాను, ఎక్కడ పెట్టినా సింహం తొంగి చూస్తున్నట్టే ఉంది. చివరికి బొడ్లో దోపుకున్నాను.

వచ్చింది బడిపంతులే. మంచం మీద కూర్చుని నెమ్మదిగా రాసుకుంటూ, “ఇంకేమన్న ఉన్నయా అమ్మా?” అన్నాడు. అంతే, గంటె తీసి ఆయన ఒళ్లో పడేశాను.

“నేను తియ్యలేదు సార్. మా అత్త తీసింది, ఆమె సచ్చిపోయింది. నన్ను ఠాణాకు పంపకుండ్రి.”

పంతులుది కంసాలి ఇల్లట. అద్దాలు సర్దుకుని కాడను ఎండకు తిప్పాడు. “మన సింహాలు వీపులానించుకొని ఉంటయమ్మా. ఇది ఒక్కటే నడుస్తాంది. పరాయి దేశపుది, తల ఆళ్ల రాణిదై ఉంటది. వెండి మంచిదని ఏసిన ముద్ర గిది. గీ రెండక్షరాలు చేసినోని పేరు. ఎవలో మాత్రం నాకెర్క లేదు.”

పక్కనే ఉన్న మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “ఓసి పిచ్చిదానా, నాయిన గొర్రెపిల్లనిచ్చి దేవరకొండల తెచ్చిండు గది. అమ్మ సూపకన్నది సర్కారుకు గాదు, మా అక్కకు. సూస్తే అడుగుతదని.”

ఆ తర్వాత ఎక్కడ పోలీసు కనపడినా, “గంటె తెచ్చుకున్నవా?” అని నన్ను గిచ్చేవాడు. ఆయన పోయి నాలుగేళ్లు. ఇప్పుడు ఠాణా ముందు నుంచి నడిస్తే ఎవరూ గిచ్చరు. ఆ రెండక్షరాలు ఎవరివో ఇప్పటికీ తెలియలేదు. అతనికీ నాలాగే రెండే వచ్చేవేమో అనుకుని, పప్పు వడ్డించేటప్పుడు వాటి మీద వేలు పెట్టుకుంటాను. బొడ్లో గంటె దోపుకుని వణికిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది.

ఏది మేనకోడలా, నేను చెప్పంగ నువ్వు రాసింది ఒకపారి సదువు. మీ అమ్మ ముచ్చట, గదే గంటె సూస్తే అడుగుతదన్నది, వచ్చిన కాడ జర మెల్లగ. ఆమె లోపలి అర్రలనే ఉన్నది.